పోయినవారు ఉన్నారన్న నమ్మకం ఎక్కడిది

పాళీ దీఘనికాయంలో పాయాసి అనే పాలకుడి కథ ఒకటి ఉంది. కోసల రాజ్యంలోని సేతవ్య ఆయన ఏలుబడిలో ఉండేది. పరలోకం లేదనీ, చచ్చినవాడు మళ్ళీ పుట్టడనీ ఆయన గట్టి నమ్మకం. నమ్మి ఊరుకోకుండా పరీక్షలు చేశాడు. చావుబతుకుల్లో ఉన్న బంధువుల దగ్గరికి వెళ్ళి, స్వర్గానికి పోయినా నరకానికి పోయినా ఒక్కసారి వచ్చి ఆ సంగతి చెప్పి వెళ్ళమని అడిగాడు. సరేనన్నారు, ఎవరూ రాలేదు. మరణశిక్ష పడిన దొంగను కుండలో పెట్టించి, మూతి బిగించి, మట్టి మెత్తించి కాల్పించాడు. ప్రాణం పోయాక మూత కాస్త తీసి, జీవుడు బయటికి వస్తాడేమోనని చూశాడు. ఏమీ కనిపించలేదు. ఇంకొకణ్ణి బతికుండగా ఒకసారి, చంపించాక ఒకసారి తూయించాడు. కుమార కస్సపుడనే భిక్షువు ప్రతి పరీక్షకూ ఒక ఉపమానంతో జవాబిచ్చాడు. నరకంలో పడ్డవాణ్ణి అక్కడి భటులు వదలరు, స్వర్గానికి పోయినవాడికి తిరిగి రావాలనిపించదు, దేవతల ఒక్క రోజు మనకు నూరేళ్ళు అన్నాడు. ఆ తూకపు పరీక్ష ఇరవయ్యో శతాబ్దపు మొదట్లో మళ్ళీ జరిగింది, దాని ఫలితాలు 1907లో అచ్చయ్యాయి. అమెరికాలోని మాసచూసెట్స్‌లో డంకన్ మెక్‌డూగల్ అనే వైద్యుడు చనిపోతున్న ఆరుగురు రోగులను మంచంతో సహా తూచాడు. మొదటి రోగి దగ్గర సుమారు 21 గ్రాముల తేడా వచ్చింది. మిగిలినవారి లెక్కలు ఒకదానితో ఒకటి పొసగలేదు. అయినా ఆ 21 గ్రాముల కథ నేటికీ చెప్పుకుంటూనే ఉన్నారు.

పరలోకం ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న. వచ్చి చెప్పమన్న బంధువుల్లో ఒక్కరూ రాకపోయినా ఉందన్న నమ్మకం దాదాపు ప్రతి జాతిలోనూ ప్రతి కాలంలోనూ ఎలా నిలిచింది అన్నది వేరే ప్రశ్న. మొదటిదాని మీద జరిగినంత తగవు రెండోదాని మీద జరగలేదు. ఈ సమీక్ష రెండోదాని గురించే. దీనికి వాడుకలో మూడు జవాబులున్నాయి: చావు భయం, పురోహితుల కల్పన, చచ్చి బతికినవారి అనుభవం. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ సాక్ష్యాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే మూలం ఇంకోచోట కనిపిస్తుంది. మనిషిని ఈ నమ్మకం దగ్గరికి తీసుకువచ్చింది తన చావు గురించిన ఆలోచన కంటే తనవాళ్ళ చావు అని నా వాదన. పోయినవారితో ఉన్న బంధం శరీరంతో పాటు ఆగిపోదు. ఆగని ఆ బంధానికి ఒక దారి చూపడానికి కర్మకాండ వచ్చింది. కర్మకాండకు అర్థం చెప్పబోయి స్వర్గనరకాలు, పునర్జన్మ, పునరుత్థానం వచ్చాయి.

ముందు భయం సంగతి చూద్దాం. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే. అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ బెకర్ 1973లో 'ది డినయల్ ఆఫ్ డెత్' అనే పుస్తకం రాశాడు. నాగరికత అంతా చావు స్పృహను తట్టుకోవడానికి మనిషి కట్టుకున్న రక్షణ అని అందులో వాదించాడు. దానికి మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. 1980ల నుంచి జెఫ్ గ్రీన్‌బెర్గ్, షెల్డన్ సాలమన్, టామ్ పిజిన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ వాదాన్ని ప్రయోగాలకు పెట్టారు. చావును గుర్తుచేస్తే మనుషులు తమ నమ్మకాలను మరింత గట్టిగా పట్టుకుంటారని వాటిలో చాలా భాగం చెప్పాయి. అయితే వాటిలో పేరుపడ్డ ఒక ప్రయోగాన్ని అనేక ప్రయోగశాలలు కలిసి మళ్ళీ చేసినప్పుడు ఆ ఫలితం రాలేదు. జొనాథన్ జాంగ్ బృందం 2017లో, అంతకుముందు అర్ధశతాబ్దంలో వచ్చిన నూరు అధ్యయనాలను సమీక్షించింది. భక్తికీ చావు భయానికీ మధ్య సగానికి పైగా అధ్యయనాల్లో ఏ సంబంధమూ తేలలేదు. కొన్నిటిలోనైతే భక్తి ఎక్కువున్నవారికే భయమూ ఎక్కువగా ఉంది.

ఈ వాదానికి ఇంతకంటే పెద్ద చిక్కు ప్రాచీన సాహిత్యంలో ఉంది. నమ్మకం ఊరట కోసమే పుట్టిందనుకుంటే మొదటి పరలోకాలు ఊరటనిచ్చేవిగా ఉండాలి. అవి అలా లేవు. మెసొపొటేమియా వారి పాతాళంలో చనిపోయినవారు చీకట్లో దుమ్ము తింటూ, పక్షుల్లా ఈకలు కప్పుకుని ఉంటారు. హీబ్రూ గ్రంథాల్లో తొలినాటి షియోల్ మంచివాడికీ చెడ్డవాడికీ ఒకే నిశ్శబ్దపు గొయ్యి. హోమర్ 'ఒడిస్సీ'లో అఖిలీసు ఆత్మ, చచ్చినవారందరికీ రాజుగా ఉండటం కంటే బతికి ఒక పేదవాడి దగ్గర కూలి చేయడమే మేలని వాపోతుంది. మన సంగతి మరీ విచిత్రం. మళ్ళీమళ్ళీ పుట్టడాన్ని ఇక్కడి మతాలు వరంగా చూడలేదు, దాని నుంచి బయటపడే దారి వెతికాయి. బౌద్ధం, జైనం, వేదాంతం మూడూ పునర్జన్మ ఉందని తీర్పు చెప్పాక దాన్ని ఆపడం ఎలా అన్నదాని మీదే తమ మేధ అంతా ఖర్చుపెట్టాయి. బతుకు కొనసాగాలన్న కోరికే ఈ నమ్మకాన్ని కన్నదైతే, కొనసాగడమే బాధ అనే దర్శనాలు ఇంత లోతుగా వేళ్ళూనేవి కావు. ఎంత చీకటి లోకమైనా అసలు లేకుండా పోవడం కంటే నయమే కదా అని ఎవరైనా అడగవచ్చు. అఖిలీసు నోట హోమర్ పలికించింది ఊరట పొందిన మనిషి మాట కాదు. భయం ఈ నమ్మకాన్ని బలపరుస్తుంది, కొన్ని చోట్ల దానికి రంగులద్దుతుంది. పుట్టించింది మాత్రం భయమేనని చెప్పడానికి సాక్ష్యం చాలదు.

రెండో వివరణ మన నేల మీద బాగా పాతది. అయోధ్యకాండలో జాబాలి రాముడితో, చచ్చిన తండ్రికి అన్నం పెట్టడం అన్నాన్ని పాడుచేయడమేనని వాదిస్తాడు. పద్నాలుగో శతాబ్దపు 'సర్వదర్శన సంగ్రహం' చార్వాకుల మాటగా ఇదే తర్కాన్ని ఇంకాస్త పదునుగా నమోదు చేసింది: ఇక్కడ పెట్టిన పిండం పైలోకంలో ఉన్నవారికి అందేటట్లయితే, ప్రయాణం పోయేవాడికి దారిబత్తెం కట్టివ్వడం ఎందుకు, ఇంట్లోనే పెడితే సరిపోదా? ఇదంతా బతుకుతెరువు కోసం కొందరు కల్పించుకున్నదని వారి తీర్పు. కాకులకు పిండాలు పెట్టేవారిని వేమన కూడా తిట్టాడు. ఈ విమర్శను నేను తేలిగ్గా తీసుకోను. గయలోనూ గోదావరి రేవుల్లోనూ దుఃఖంలో ఉన్నవాడి చేత అప్పు చేయించే వ్యాపారం నిజంగానే నడుస్తోంది. పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద 1517లో లూథర్ తిరగబడ్డదీ చనిపోయినవారి పేరుమీద జరిగే ఇలాంటి వసూళ్ళను చూసే. కానీ వ్యాపారి సరుకును పుట్టించలేదు. ఇజ్రాయెల్‌లోని కఫ్జే గుహలో సుమారు 90,000 ఏళ్ళకు పూర్వం ఒక పిల్లవాణ్ణి దుప్పి కొమ్ములతో పాటు పాతిపెట్టారు. రష్యాలోని సుంగీర్‌లో సుమారు 34,000 ఏళ్ళ కిందట ఇద్దరు పిల్లలను తల దగ్గర తల పెట్టి పూడ్చారు, వారి మీద 10,000కు పైగా దంతపు పూసలున్నాయి. చేత్తో అన్ని పూసలు చెక్కడం వేల గంటల పని. ఆ వేటగాళ్ళ గుంపులో వేరే పని లేని పురోహిత వర్గం ఉండే వీలు లేదు. తెలంగాణ పల్లెల్లో జనం రాక్షసగుళ్ళు అని పిలిచే ఇనుప యుగపు రాతి సమాధుల్లో ఎముకల పక్కన కుండలు, ఇనుప పనిముట్లు దొరుకుతున్నాయి. కొన్నిటి పక్కరాతికి గుండ్రటి కంత ఉంటుంది. తర్వాత చనిపోయినవారి ఎముకలను లోపలికి చేర్చడానికి దాన్ని వదిలారని పురావస్తు పండితుల అభిప్రాయం.

సమాధిలో కుండ పెట్టినంత మాత్రాన పరలోకాన్ని నమ్మినట్టేనా అని జాగ్రత్తపరులైన పురావస్తు శాస్త్రవేత్తలు అడుగుతారు. సరైన ప్రశ్నే. కుండలో ఏ సిద్ధాంతమూ ఉండదు. అది చెప్పేది ఒక్కటే: చనిపోయిన మనిషికి ఇవ్వవలసింది ఇంకా ఉందని బతికున్నవారికి అనిపించింది. నా వాదనకు కావలసింది అంతే. సిద్ధాంతం ఉన్నదో లేదో తెలియని కాలంలోనే ఇవ్వడం ఉంది. పురోహితుడిని తీసేసినా ఈ భావం పోదనడానికి కొత్త కాలపు సాక్ష్యం కూడా ఉంది. గత అర్ధశతాబ్దంలో అమెరికాలో చర్చికి వెళ్ళేవారు బాగా తగ్గారు. మరణం తర్వాత జీవితం ఉందనేవారు మాత్రం అక్కడి సామాజిక సర్వేల్లో పదిమందిలో ఏడుగురికి తగ్గలేదు.

మరి ఈ అనిపించడం పుట్టుకతో వచ్చిందా? ఈ పాతికేళ్ళలో పిల్లల మనస్తత్వం మీద జరిగిన పరిశోధన దీన్ని నేరుగా పరీక్షించింది. 2004లో జెస్సీ బెరింగ్, డేవిడ్ బ్యోర్క్‌లండ్ చిన్నపిల్లలకు బొమ్మలాట చూపించారు. అందులో ఒక ఎలుకను మొసలి తినేస్తుంది. ఎలుక ఇక అన్నం తినదని, పెరగదని పిల్లలు సరిగ్గానే చెప్పారు. దానికి వాళ్ళ అమ్మ మీద ఇంకా ప్రేమ ఉందా అని అడిగితే చాలామంది ఉందన్నారు. వయసు పెరిగేకొద్దీ ఇలా చెప్పేవారు తగ్గారు. అంటే ఇది బడిలోనో గుడిలోనో నేర్చుకున్నది కాదు, ముందే ఉన్నదని బెరింగ్ తేల్చాడు. నటాలీ ఎమన్స్, డెబొరా కెలెమెన్ 2014లో ఈక్వడార్‌లో ఇంకో వైపు నుంచి వచ్చారు. మీరు అమ్మ కడుపులో పడకముందు ఎలా ఉండేవారని అక్కడి నగరపు పిల్లలనూ షువార్ ఆదివాసీ పిల్లలనూ అడిగారు. అప్పుడు కళ్ళూ ఒళ్ళూ లేవు కానీ సంతోషం, కోరిక ఉన్నాయని చెప్పినవారు రెండు చోట్లా చాలామంది ఉన్నారు. పుట్టకముందు బతుకు గురించి ఆ పిల్లలకు ఎవరూ బోధించలేదు. పాస్కల్ బోయర్ అనే మానవశాస్త్రవేత్త ఇచ్చిన వివరణ నాకు అన్నిటికంటే సబబుగా తోస్తుంది. మన మెదడులో ఒక భాగం ప్రాణం ఉన్నదానికీ లేనిదానికీ తేడా పసిగడుతుంది. మనుషులను గుర్తుపెట్టుకుని, వారు ఏమనుకుంటారో, దేనికి కోప్పడతారో ఊహించే పని ఇంకో భాగానిది. శవాన్ని చూసినప్పుడు మొదటిది ఆగిపోతుంది. రెండోదానికి ఆగమని చెప్పేవారు లేరు. ఎదురుగా లేని మనిషి ఎక్కడో ఉండి ఏదో అనుకుంటూ ఉంటాడని ఊహించడమే దానికి అలవాటైన పని.

అయితే పుట్టుకతో వచ్చిందన్న వాదాన్ని పూర్తిగా ఒప్పుకోలేం. పాల్ హ్యారిస్, మార్తా హిమెనెజ్ 2005లో స్పెయిన్ పిల్లలకు ఒకే చావును రెండు రకాలుగా చెప్పారు. వైద్యుడు వచ్చి చెప్పిన కథలో అన్నీ ఆగిపోయాయన్న పిల్లలే, మతగురువు వచ్చి చెప్పిన కథలో కొన్ని కొనసాగుతాయన్నారు. పైగా అక్కడ పెద్ద పిల్లల్లోనే పరలోకపు జవాబులు ఎక్కువ. రీటా అస్తుతితో కలిసి హ్యారిస్ 2008లో మడగాస్కర్ తీరంలోని వెజో జాలరుల మీద ప్రచురించిన అధ్యయనం దీన్ని ఇంకా విప్పి చెప్పింది. శవం దగ్గరి కథ చెబితే పెద్దవాళ్ళు సైతం అంతా అయిపోయిందన్నారు. సమాధి కట్టిన బిడ్డల కథ చెబితే, పోయినాయనకు ఆ సంగతి తెలుసునన్నారు. ఒకే మనిషి తలలో రెండు జవాబులూ ఉన్నాయి. ఏది పైకి వస్తుందో తేల్చింది సందర్భం. ఆ సందర్భంలో ఉన్నది సిద్ధాంత బోధ కాదని గమనించాలి. బిడ్డలు చేసిన పని, తండ్రికి తీర్చిన ఋణం ఉన్నాయి. పుట్టుకతో వచ్చేది విత్తనమంత. దాన్ని పెంచి నిలబెట్టేది ఆచరణ.

ఆచరణ వైపు చూస్తే సాక్ష్యం ఒక్కసారిగా చిక్కబడుతుంది. మన ఊళ్ళలో పాడెను శ్మశానానికి తీసుకుపోతూ మధ్యలో దింపి, చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. దింపుడు కళ్ళెం అంటారు దాన్ని. పోయారని తెలిసి కూడా పిలుస్తారు. అక్కడ మొదలైంది ఆ రోజుతో అయిపోదు. చిన్నదినం, పెద్దదినం, మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం, తర్వాత ఏటా తద్దినం. కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. ముట్టకపోతే ఏ కోరిక మిగిలిపోయిందోనని తలుచుకుని, తీరుస్తామని పైకే మాటిస్తారు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ హెర్ట్జ్ 1907లో బోర్నియో దయాకుల అంత్యక్రియలను ముందు పెట్టుకుని ఒక మాట తేల్చాడు: శరీరానికి చావు ఒక్క క్షణంలో వస్తుంది, సంఘానికి అది నెలలు, ఏళ్ళు పట్టే పని. పోయిన మనిషిని ఉన్నచోటి నుంచి తీసి ఇంకో చోట కూర్చోబెట్టేదాకా సంఘం వదలదు. మన సపిండీకరణం సరిగ్గా ఈ పనే చేస్తుంది. అప్పటిదాకా ప్రేతంగా, దిక్కులేకుండా ఉన్న జీవుణ్ణి పితరుల వరసలో కలుపుతుంది. ఆ వరసలో పేరు చెప్పి పిండం పెట్టేది ముగ్గురికే: తండ్రి, తాత, ముత్తాత. కొత్తగా ఒకరు చేరగానే అందరికంటే పాతవారు ఆ పిండం వరస నుంచి తప్పుకుంటారు. ఆత్మ నిత్యమని నమ్మే శాస్త్రంలో మూడు తరాల గడువు ఎందుకుంది? ముత్తాతకు ముందువారు ఆత్మ కోల్పోయారా? లేదు. వారిని కళ్ళారా చూసినవారు బతికి లేరు, అంతే. కెన్యా తత్వవేత్త జాన్ ఎంబీటీ 1969లో ఆఫ్రికా మతాల గురించి ఇదే గమనించి రాశాడు. పోయినవారు పేరుతో, ముఖంతో గుర్తున్నంత కాలం, నాలుగైదు తరాలపాటు, ఇంట్లో మనుషులుగానే ఉంటారు. గుర్తున్న చివరి మనిషి పోయాక పేరులేని ఆత్మల సమూహంలో కలిసిపోతారు. ఒకరినొకరు ఎరగని రెండు ఖండాలు చనిపోయినవారి ఆయుష్షును ఒకే కొలతతో కొలిచాయి, ఆ కొలత బతికున్నవారి జ్ఞాపకం. జ్ఞాపకాన్ని ఏటా కొత్తచేస్తే గడువు కూడా పెరుగుతుంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పడిపోయిన వీరులు ఇవాళ్టికీ కారెంపూడిలో ఆరాధన అందుకుంటున్నారు, వారి కథ పాడటం ఆగలేదు గనుక. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ లాంటి పేరంటాళ్ళదీ ఇదే దారి.

మెసొపొటేమియా నుంచి ఇంకో సాక్ష్యం ఉంది. గిల్గమేష్ గురించిన సుమేరియన్ కావ్యం ఒకదానిలో పాతాళంలో ఎవరి గతి ఎలా ఉందో వర్ణన వస్తుంది. అక్కడ సుఖదుఃఖాలను నిర్ణయించేది పుణ్యపాపాలు కావు, కొడుకుల సంఖ్య. ఒక్క కొడుకున్నవాడు ఏడుస్తూ ఉంటాడు, ఏడుగురున్నవాడు దేవతల పక్కన కూర్చుంటాడు. నైవేద్యం పెట్టే దిక్కులేనివాడు వీధిలో పారేసిన ఎంగిలి ఏరుకుంటాడు. పరలోకం అప్పటికింకా న్యాయస్థానం కాలేదు, ఈ లోకపు చుట్టరికాల కొనసాగింపుగానే ఉంది. దీనికి ఎదురు సాక్ష్యం కూడా చూడాలి. అన్ని సమాజాలూ పరలోకాన్ని ఇంత పట్టించుకోవు. 1982లో జేమ్స్ వుడ్‌బర్న్ టాంజానియాలోని హద్జా వారితో సహా నాలుగు ఆఫ్రికన్ వేట సమాజాల అంత్యక్రియలను పోల్చాడు. అక్కడ కర్మకాండ చాలా స్వల్పం, చనిపోయాక ఏముందన్నదాని మీద ఆసక్తి కూడా అంతంతే. ఆ రోజు దొరికింది ఆ రోజే పంచుకు తినే ఈ గుంపుల్లో ఆస్తి వారసత్వం లేదు, ఒక పెద్ద మీద ఇంకొకరు ఏళ్ళ తరబడి ఆధారపడటమూ లేదు. చావు భయం అందరికీ ఒకటే అయినప్పుడు, ఆ భయమే కారణమైతే ఇక్కడా పరలోకం దట్టంగా ఉండాలి. బంధాల బరువే కారణమైతే ఇక్కడ అది పలచగా ఉండాలి. పలచగానే ఉంది. మన దగ్గర తలకొరివి పెట్టేవాడికీ ఆస్తికీ ఉన్న ముడి ఎంత గట్టిదో వారసత్వ తగాదాలు చూసిన ఎవరికైనా తెలుసు. బెంగాల్‌లో చెల్లిన దాయభాగ న్యాయం వారసత్వ హక్కునే పిండం పెట్టే అర్హత మీద నిలబెట్టింది.

ఈ వాదనకు మనసు లోపలి సాక్ష్యం వేల్స్‌లోని ఒక పల్లె వైద్యుడు ఇచ్చాడు. డ్యూయీ రీస్ తన ప్రాంతంలో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి మాట్లాడి, 1971లో ఫలితాలు ప్రచురించాడు. వారిలో దాదాపు 47 శాతం మందికి పోయినవారు పక్కనే ఉన్నట్టు అనిపించడమో, కనిపించడమో, మాట వినిపించడమో జరిగింది. చాలామందికి అది ఏళ్ళ తరబడి సాగింది. ఎక్కువమందికి అది ఊరటే ఇచ్చింది. అయినా మూడొంతుల మంది ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అంతకు రెండేళ్ళ ముందు తోక్యోలో, ప్రమాదాల్లో భర్తలు పోయిన 20 మంది స్త్రీలను అడిగితే 18 మంది ఇలాంటి అనుభవమే చెప్పారు. ఇది పిచ్చి కాదు, దయ్యం పట్టడమూ కాదు. పోయినవారి గొంతు వినపడటం, క్షణకాలం కనిపించడం దుఃఖంలో మామూలేనని అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం 1994 నాటి కూర్పులోనే రాసింది. భర్త పోయిన స్త్రీ ఇలాంటి మాట చెబితే ఆమెను భూతవైద్యుడి దగ్గరికి లాక్కుపోయేవారూ, మూఢురాలని నవ్వేవారూ ఈ సంగతి తెలుసుకుని తీరాలి. ఇంత మామూలైన అనుభవం ప్రతి తరంలో, ప్రతి వాడలో జరుగుతుంటే ఆ నమ్మకానికి బయటి ప్రచారకుడు అక్కర్లేదు.

సామూహిక దుఃఖం వచ్చినప్పుడు ఇది పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలో ఫాక్స్ అక్కచెల్లెళ్ళతో మొదలైన ఆత్మలతో సంభాషణ ఉద్యమం అమెరికా అంతర్యుద్ధం తర్వాత ఒకసారి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంకోసారి ఉప్పొంగింది. పేరుమోసిన భౌతిక శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్ కొడుకు రేమండ్ 1915లో ఈప్ర దగ్గర చనిపోయాడు. మరుసటి ఏడే లాడ్జ్ ఆ కొడుకు పేరుతో, అతని ఆత్మ పంపిందని తాను నమ్మిన సందేశాలతో పుస్తకం తెచ్చాడు. యుద్ధం అందరిలో చావు భయం పెంచింది కదా, ఇది భయవాదానికే సాక్ష్యం కదా అనవచ్చు. ఆ చీకటి గదుల్లో బల్ల చుట్టూ కూర్చున్నవారు ఎక్కువగా తల్లిదండ్రులు, విధవలు. తాము చస్తామేమోనని కాదు, చచ్చిన కొడుకు ఎలా ఉన్నాడోనని వెళ్ళారు. జపాన్‌లో తమకు మతం లేదనేవారే ఎక్కువ. అక్కడి ఒత్సుచి పట్టణంలో ఒకాయన 2010లో తన తోటలో ఏ తీగకూ కలపని టెలిఫోన్ పెట్టుకున్నాడు, పోయిన తన బంధువుతో మాట్లాడటానికి. 2011 సునామీ తర్వాత 30,000 మందికి పైగా వచ్చి ఆ ఫోనులో తమవాళ్ళతో మాట్లాడి వెళ్ళారు.

మంచికి మంచి, చెడుకు చెడు ఎక్కడో ఒకచోట జరగాలన్న న్యాయకాంక్ష మాటేమిటి? అది నిజమైన శక్తే, కానీ ఆలస్యంగా వచ్చింది. శ్రీలంక మానవశాస్త్రవేత్త గణనాథ్ ఒబెసెకర 2002లో చేసిన పరిశీలన దీన్ని స్పష్టం చేసింది. ఉత్తర అమెరికా ఆదివాసుల్లో, పశ్చిమాఫ్రికా ఇగ్బోల్లో, పసిఫిక్ ద్వీపాల్లో పునర్జన్మ నమ్మకం ఉంది, కర్మ లెక్క మాత్రం లేదు. పోయినవారు తమ వంశంలోనే మనవడిగా, మునిమనవరాలిగా తిరిగొస్తారు. పాపపుణ్యాల తూకం ఈ పాత నమ్మకం మీద తర్వాత చేరింది. మనకు ఉపనిషత్తులూ బుద్ధుడూ మహావీరుడూ ఆ మార్పు తెచ్చినవారు. పాత పొర పోలేదు. తాత పేరు మనవడికి పెట్టి, మా నాన్నే మళ్ళీ పుట్టాడని చంకనెత్తుకునే ఇల్లాలు కర్మ సిద్ధాంతం ప్రకారం మాట్లాడటం లేదు. ఆ సిద్ధాంతం ప్రకారం ఆయన ఎక్కడైనా, ఏ యోనిలోనైనా పుట్టవచ్చు.

ఇక మూడో వివరణ: నమ్ముతున్నది నిజం కాబట్టే నమ్ముతున్నారన్నది. దీన్ని పక్కకు తోసేయడం న్యాయం కాదు. పిమ్ వాన్ లొమెల్ 2001లో, గుండె ఆగి బతికిన 344 మంది డచ్చి రోగుల్లో 62 మందికి మరణ సమీప అనుభవాలు కలిగాయని 'లాన్సెట్'లో రాశాడు. 2023లో జీమో బోర్జిగిన్ బృందం, శ్వాస యంత్రం తీసేసిన నలుగురు రోగుల్లో ఇద్దరి మెదడులో చివరి క్షణాల్లో విద్యుత్ చలనం హఠాత్తుగా పెరగడం నమోదు చేసింది. అంటే అనుభవం బూటకం కాదు, అబద్ధం చెప్పడమూ కాదు. అది దేన్ని చూపిస్తోందన్నదే ప్రశ్న. శామ్ పార్నియా ఆధ్వర్యంలో 2,060 గుండె ఆగిన ఘటనలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆత్మ పైనుంచి చూస్తే కనిపించేలా గదుల్లో ఎత్తున బొమ్మలు పెట్టారు. ఏ ఒక్కరూ ఆ బొమ్మను చూసి చెప్పలేదు. అనుభవంలోని సరుకు కూడా ఊరిని బట్టి మారుతుంది. పాశ్చాత్యులు వెలుగును, ముందుపోయిన బంధువులను చూస్తారు. సత్వంత్ పాస్రిచా, ఇయాన్ స్టీవెన్సన్ 1986లో ప్రచురించిన 16 భారతీయ ఉదంతాల్లో యమభటులు వచ్చి తీసుకుపోతారు, అక్కడ పుస్తకం చూసేవాడు పొరపాటున ఇంకొకరిని తెచ్చారని తేల్చి తిప్పి పంపుతాడు. స్టీవెన్సన్ దశాబ్దాలపాటు సేకరించిన, పూర్వజన్మ చెప్పే పిల్లల ఉదంతాల్లోనూ ఇదే కథ. ఆడవారు మగవారిగా, మగవారు ఆడవారిగా పుట్టరని నమ్మే లెబనాన్ డ్రూజ్‌లలో, అలాస్కా త్లింగిత్‌లలో అలా పుట్టామని చెప్పిన పిల్లలు లేరు. పుట్టవచ్చని నమ్మే బర్మాలో ఉన్నారు. ఈ సంగతులు పరలోకం లేదని నిరూపించవు. కానీ అనుభవం నుంచి నమ్మకం పుట్టిందనడం కంటే, ఉన్న నమ్మకమే అనుభవానికి రూపమిచ్చిందనడానికి ఇవి ఎక్కువ ఆధారం. పైగా గుండె ఆగి తిరిగి బతకడం ఆధునిక ఆసుపత్రి రాకముందు అరుదు. భార్యాభర్తల్లో ఒకరు ముందుపోవడం అరుదు కాదు.

నా వాదనకు అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇది: నువ్వు చెప్పేది ఆచారం గురించి, నమ్మకం గురించి కాదు, పిండం పెట్టే ప్రతివాడూ పరలోకాన్ని నమ్ముతున్నాడా? నమ్మడం లేదు. ప్యూ పరిశోధన కేంద్రం దాదాపు 30,000 మంది భారతీయులను అడిగి 2021లో ప్రచురించిన సర్వేలో పునర్జన్మను నమ్ముతామన్న హిందువులు 40 శాతమే. తమ మతంలో లేని ఆ నమ్మకాన్ని చెప్పిన ముస్లింలు 27 శాతం ఉన్నారు. పుస్తకంలో ఉన్నదానికీ మనుషులు చెప్పేదానికీ ఇంత దూరం. కానీ మిగిలిన అరవై శాతం హిందువులంతా తద్దినాలు మానేయలేదు. పెత్రమాసకు పెద్దలకు పెట్టుకోవడం, సంక్రాంతికి వారి పేరుమీద కొత్తబట్టలు పెట్టడం, సమాధుల పండుగనాడు తెలుగు క్రైస్తవులు సమాధులు కడిగి కొవ్వొత్తులు వెలిగించడం, ముస్లిం ఇళ్ళలో నలభయ్యో రోజు ఫాతిహా చదివించడం ఏవీ సిద్ధాంత పరీక్ష పాసైనవారికి మాత్రమే పరిమితం కాలేదు. పునర్జన్మ నిజమైతే పితరులు ఎప్పుడో ఇంకో ఒంట్లోకి వెళ్ళిపోయి ఉండాలి, పిండం ఎవరికి? ఈ వైరుధ్యం మీద శాస్త్రకారులు వాదించుకున్నారు కానీ ఇళ్ళలో ఎవరికీ అది అడ్డం రాలేదు. ఆత్మే లేదన్న బౌద్ధం వ్యాపించిన చైనా, కంబోడియాల్లో ఏటా పోయినవారికి అన్నం పెట్టే పండుగలున్నాయి. సిద్ధాంతం ఆచారానికి తల్లి అయితే ఇవి ఇలా ఉండవు. కఠోపనిషత్తులో యముడి ముందు నిలబడ్డ నచికేతుడు వరాలు అడిగిన వరస కూడా చూడండి. తండ్రి కోపం చల్లారి, తాను తిరిగి వెళ్ళినప్పుడు గుర్తుపట్టి పలకరించాలన్నది మొదటిది. అగ్ని క్రతువు నేర్పమన్నది రెండోది. చనిపోయాక మనిషి ఉంటాడా ఉండడా అన్నది మూడోది. చావు గడప మీద నిలబడి కూడా ఆ పిల్లవాడికి ముందు గుర్తొచ్చింది తండ్రే.

ఈ వివరణ పరలోకం అబద్ధమని తేల్చదు. ఒక నమ్మకం ఎలా పుట్టిందో చెప్పినంత మాత్రాన అది నిజమో కాదో తేలదు. పాయాసి కుండ ఎంత తేల్చిందో ఇదీ అంతే తేల్చగలదు. ఇది తేల్చేది ఇంకొకటి: పరలోక సిద్ధాంతాన్ని పూర్తిగా వదిలేసినవారిలో కూడా దాని వేరు బతికే ఉంటుంది. తెలుగునాట దీనికి వెతకక్కర్లేని సాక్ష్యం ఉంది. ఆత్మనూ స్వర్గాన్నీ ఒప్పుకోని వామపక్ష ఉద్యమాలు పల్లెపల్లెనా అమరవీరుల స్తూపాలు కట్టాయి. వాటి ముందు పిడికిలి ఎత్తి పేరుపేరునా జోహార్ చెబుతారు, పాటల్లో పోయినవాణ్ణి నువ్వు అని పిలిచి నీ దారిలో నడుస్తామని మాటిస్తారు. 1969 తెలంగాణ ఉద్యమంలో నేలకొరిగినవారికి హైదరాబాద్ గన్‌పార్కులో కట్టిన స్తూపం దగ్గరికి ఏ పార్టీ నాయకుడైనా పూలు పట్టుకునే వెళ్తాడు. పత్రికల్లో రోజూ వచ్చే శ్రద్ధాంజలి ప్రకటనలు మీరు మమ్మల్ని విడిచి ఏడాదైందని పోయినవారికే చెబుతాయి. వాటిని వేయించినవారిలో నాస్తికులూ ఉంటారు, భక్తులూ ఉంటారు, ఏదీ తేల్చుకోనివారూ ఉంటారు. ప్రకటన చదివి ఎవరు వేయించారో చెప్పడం సాధ్యం కాదు.